మేకపాల కోవా ఊరు

సుమారు వందమంది మనుషులు, ఐదొందల మేకలు! నార్వే పశ్చిమాన ఉన్న ఉండ్రెడాల్ గురించి ఎవర్ని అడిగినా ముందు ఈ లెక్కే చెబుతారు. వెనక నిటారు కొండలు, ముందు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. దాన్ని ఫ్యోర్డ్ అంటారు. 1988 దాకా ఈ ఊరికి రోడ్డే లేదు, పడవ ఎక్కాల్సిందే. నేను మాత్రం ఫ్లోమ్ నుంచి కారులో, సొరంగం దాటుకుని హాయిగా వచ్చేశా.

ఇక్కడ దున్నడానికి భూమి తక్కువ. ఉన్నదల్లా కొండమీది గడ్డి. ఆవు వెనకాడే చోటికి కూడా మేక ఎక్కేస్తుంది. అందుకే తరతరాలుగా ఈ ఊరిది మేకపాల బతుకు. చలికాలం కొట్టంలో ఎండుగడ్డి, వేసవిలో కొండమీద మేత.

పాలలో రెన్నెట్ కలిపితే గడ్డకడతాయి. ఆ గడ్డతో తెల్ల చీజ్ చేస్తారు. పది లీటర్ల పాలకు కిలో అటూ ఇటూ వస్తుంది. మిగతాదంతా తేటనీళ్లే. మనింట్లో పాలు విరిగితే ఆ నీళ్లను ఏం చేస్తాం? సింకులో పారబోస్తాం. వీళ్లు మాత్రం పెద్ద పాత్రలో పోసి ఎనిమిది, పది గంటలు మరిగిస్తారు. నీళ్లు ఇగిరేకొద్దీ అందులోని పాలచక్కెర రంగు తిరుగుతుంది. అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. చల్లారేటప్పుడూ కలపాలి, లేదంటే ఇసుకలా పలుకులు కట్టేస్తుంది. చివరికి మిగిలేది బెల్లం రంగు ముద్ద. అదే బ్రూనోస్ట్.

చీజ్ చేసే గదిలో అడుగుపెడితే అచ్చం మన కోవా బట్టీ వాసన. పల్చటి ముక్క నోట్లో వేసుకున్నా. మొదట పాలకోవా, తర్వాత కాస్త మాడిన పాకం, ఆఖర్న... మేక! రెండో ముక్కకి అలవాటైపోయింది.

పాలను ముందే పాశ్చరైజ్ చేయకుండా, పచ్చిపాలతోనే చీజ్ చేయడం వీళ్ల పద్ధతి. పెద్ద డెయిరీల కోసం రాసిన రూల్స్ దానికి అడ్డొస్తే, ఊరివాళ్లు పోరాడి మరీ అనుమతి తెచ్చుకున్నారు.

ఇంతవరకూ అంతా బాగుంది. కానీ నాకు ఒక ప్రశ్న మిగిలింది. మేక ఈనితేనే పాలు. ఈనిన పిల్లల్లో దాదాపు సగం మగవే. మన ఊళ్లలో పోతు పుడితే సంబరం, మాంసానికి రేటు పలుకుతుంది. పాల జాతిలో మగపిల్ల పాలివ్వదు, మాంసం జాతుల్లా కండా పట్టదు. పెంచితే మేత ఖర్చు. అందుకే చాలా పాల ఫామ్‌లలో వాటిని పుట్టిన కొద్దిరోజులకే వదిలించుకుంటారు. చీజ్ ఫొటోల్లో ఈ సంగతి కనిపించదు. ఈ ఊళ్లో మేకమాంసంతో సాసేజ్‌లు కూడా చేసి అమ్ముతారు. నాకు అది తేటనీళ్లను పారబోయని లెక్కలాగే అనిపించింది. చిన్న ఫామ్ నిలబడాలంటే, పుట్టినదాన్ని, మిగిలినదాన్ని వృథా చేయకూడదు.

సూపర్‌మార్కెట్‌లో దొరికే బ్రౌన్ చీజ్‌లో ఎక్కువగా ఆవుపాలు కలుస్తాయి, ధరా తక్కువే. ఉండ్రెడాల్ వెళ్తే ఆ ధరతో పోల్చి ముఖం చిట్లించకండి. పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ల కూలి, కొండెక్కిన మేకల మేత, రెండూ ఆ చిన్న ముక్కలోంచే రావాలి.