మూడు మీటర్ల అంగడి

కరీంనగరం వెళ్ళిన యాత్రికుడు సాధారణంగా ఎలగందుల కోట చూస్తాడు, దిగువ మానేరు కట్ట మీద చల్లగాలి పీలుస్తాడు, సాయంత్రానికి బస్సెక్కుతాడు. ఇరుకు సందుల్లో కుంపటి ముందు కూర్చుని వెండిని వెంట్రుకలా సాగదీసేవారి ఇళ్ళకు, ఎవరైనా తెలిసినవారు తీసుకువెళ్తే తప్ప, వెళ్ళడు. నన్నొక మిత్రుడు తీసుకువెళ్ళాడు. మేము వెళ్ళేసరికి ఆ ఇల్లు పెళ్ళివారి విడిదిలా ఉన్నది. హైదరాబాదులో జరిగే ఒక పెద్ద సదస్సులో అంగడి పెట్టుకొమ్మని వారికి పిలుపు వచ్చింది.

ఈ వెండితీగ పనికి పుట్టిల్లు ఎలగందులేనని చెబుతారు. 1905లో జిల్లా కచేరీలు అక్కడినుంచి కరీంనగరానికి తరలినవి. కచేరీలున్న చోటికి కొనేవారు, కొనేవారున్న చోటికి పనివారు చేరటం లోకసహజం. 2007లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

పని ఎలా జరుగుతుందో ఇంటిపెద్ద చేసి చూపించాడు. వెండిని మూసలో కరిగించి కడ్డీ పోస్తారు. దానిని కమ్మచ్చులో పెద్ద బెజ్జం నుంచి చిన్న బెజ్జానికి వరుసగా లాగుతారు. అలా వచ్చిన సన్నతీగలు రెండింటిని పురిపెట్టి అణుస్తారు. కొంచెం మందపు తీగతో ఆకుకు అంచు కట్టి, లోపల ఈ సన్నతీగను చుట్టలు చుట్టి నింపుతారు. టంకం పొడి చల్లి, మంట ఊది అతుకుతారు. మంట రవ్వంత ఎక్కువైతే ఆకు కాస్తా ముద్ద అవుతుంది.

చిక్కేమిటంటే, పనితనం పెరిగినకొద్దీ తూకం తగ్గుతుంది. బజారు మాత్రం వెండిని తూకంతోనే అడుగుతుంది.

“జోకితే పది తులాలు రాదు సార్. చేసెతందుకు పది దినాలు పట్టింది” అన్నాడాయన, ఒక పాన్‌దాన్ నా చేతిలో పెట్టి. “అమ్ముడుపోకుంటె కరగబెట్టొచ్చు. వెండి మల్ల చేతికొస్తది. దినాలు రావు గద!”

సదస్సుకు వెళ్ళటమంటే ఆ ఇంట్లో వారం రోజులు కుంపటి చల్లారటమే. అప్పుచేసి తెచ్చిన వెండి అంతవరకు పెట్టెలో కూర్చుంటుంది. అందుకే సర్దటంలో అంత పట్టింపు.

కోడలు వాకిట్లో ముగ్గుపిండితో మూడు మీటర్ల చతురం గీసింది. అంగడికి ఇచ్చే చోటు అంతే. అందులో బల్ల ఎక్కడ, దీపం ఎక్కడ, మనిషి నిలబడేది ఎక్కడ అని పీటలు జరిపి చూస్తున్నది. మామగారు పెద్ద నెమలిని ముందుంచాలన్నాడు.

“మామా, ఆడికొచ్చేటోళ్ళు విమానం ఎక్కేటోళ్ళు. చేతిసంచిల పట్టేయి ముందల పెడదాం. నెమలి ఎనక ఉంటది, దూరంకెళ్ళి పిలుస్తది” అన్నది కోడలు.

ఆమె మాటకు సాక్ష్యం లేకపోలేదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో జి-20 సదస్సు జరిగినప్పుడు అతిథుల కోసం కరీంనగరం నుంచి వెళ్ళినది పెద్ద వస్తువు కాదు. చొక్కాకు పెట్టుకొనే చిన్న అశోకచక్రం. కుంకుమ భరిణెలు ముందు వరుసకు వచ్చినవి.

పొట్లం కట్టటమూ ఒక విద్యే. వెండికి గంధకం గిట్టదు. రబ్బరులో అది ఉంటుంది కనుక రబ్బరు పట్టీ వేస్తే, పట్టీ పడినమేర నల్లని చార మిగులుతుంది. నూలుగుడ్డ చుట్టి, దారంతోనే కట్టాలి. తేమ పీల్చటానికి పెట్టెలో సుద్దముక్కలు వేశారు. పరచటానికి నల్ల మఖమలు, దీపానికి తెల్లని వెలుగు. పసుపు వెలుగులో వెండి ఇత్తడిలా కనబడుతుందట.

అన్నీ కుదిరినవి గాని ఒక్క విషయంలో మాట కలవలేదు. సగం నింపిన ఆకునొకదానిని, కమ్మచ్చును కూడా అంగట్లో పెడతానన్నది కోడలు. “సగం పని నలుగుట్ల పెడితె నగుబాటు” అన్నాడు మామ.

ఆ సదస్సుకే నిర్మల్ బొమ్మలూ వెళ్తున్నవని విని, మర్నాడు జగిత్యాల, ఆర్మూరు మీదుగా బస్సెక్కాను. సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్. పూర్వం ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016 నుంచి తానే ఒక జిల్లా. ఇక్కడి పొణికి కర్ర మహా తేలిక. ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతికి, నునుపుచేసి, రంగులు వేస్తారు. దీనికి నల్లబడే భయం లేదు. చిలక ముక్కుకు, మామిడికాయ తొడిమెకు మాత్రం దెబ్బ భయం. ఆదిలాబాదు అడవుల్లో ఓజులు పోసే ఇత్తడి బొమ్మలకు ఆ భయమూ లేదు, మోతబరువే.

నిర్మల్ పనివాడు పెట్టెలో అన్నిటికంటే పైన నాలుగు చిలకలు సర్దాడు. ఒకటి వట్టి కర్రముక్క, ఒకటి సగం చెక్కినది, ఒకటి సుద్ద పూసినది, నాలుగవది రంగులతో ఎగరబోతున్నది. “ఇవి అమ్మెతందుకు గాదు. ఇవి చూస్తె ధర ఎందుకంత అని ఎవ్వరూ అడుగరు” అన్నాడు.

సంగతి కరీంనగరానికి ఫోనులో చేరవేశాను.

సదస్సు రెండవనాడు నేనూ హైదరాబాదు వెళ్ళాను. రెండు ఉపన్యాసాల మధ్య పదిహేను నిమిషాల విరామం. జనం కాఫీ గ్లాసులతో అంగళ్ళ ముందు నడిచిపోతున్నారు. నల్ల మఖమలు మీద నెమలి పిలుస్తున్నది. దాని ముందు కమ్మచ్చు ఉన్నది, పక్కన సగం నింపిన ఆకు ఉన్నది. ఒకావిడ భరిణె చేతిలోకి తీసుకున్నది. తీగను వేళ్ళతో తడిమి, ఆకును చూసి, మళ్ళీ భరిణె చూసింది. తూకం అడగలేదు. అడిగిన ధరకే భరిణె పుచ్చుకొని, “ఈ ఆకు కూడా ఇస్తారా?” అన్నది.

కోడలు అమ్మేది కాదనబోయింది. వెనుక ముక్కాలిపీట మీద కూర్చున్న మామగారు మెల్లగా లేచి నిలబడ్డాడు.

“అది రెండు దినాల పనమ్మా” అన్నాడు.