అర టన్ను లంగరు ఎగిరి పడ్డ ఊరు

కెనడా తూర్పు తీరంలోని హాలిఫాక్స్‌కి వెళ్లినవాళ్లు చాలామంది హార్బర్ దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు. నేను ఊరికి అటువైపున్న నార్త్‌వెస్ట్ ఆర్మ్ అనే సముద్రపు పాయ దగ్గరకి కూడా వెళ్లాను. అక్కడ దిమ్మె మీద ఓ లంగరు కాడ ఉంది. బరువు 517 కిలోలు. 3.78 కిలోమీటర్ల అవతల నుంచి గాల్లో ఎగిరొచ్చి ఆ దగ్గర్లోనే పడిందట!

అది 'మాంట్ బ్లాంక్' ఓడది. 1917 డిసెంబర్ 6న పిక్రిక్ ఆసిడ్, టీఎన్‌టీ, గన్‌కాటన్ నింపుకొని వస్తూ 'ఇమో' అనే ఓడను ఢీకొంది. డెక్ మీది బెంజోల్ అంటుకుంది. 20 నిమిషాలు తగలబడి, ఉదయం 9:04కి పేలింది. సుమారు 1,800 మంది చనిపోయారు.

ఇంజినీరింగ్ బుర్ర ఊరుకోదు కదా, లెక్కేశాను. గాలి అడ్డు అస్సలు లేదనుకున్నా, అంత దూరం పడాలంటే ఆ ఇనుము కనీసం గంటకు 690 కిలోమీటర్ల వేగంతో లేవాలి. అలా లేపింది ఒట్టి గాలి కాదు. పేలుడు పక్కనే ఉండటంతో, ఒక్కసారిగా వ్యాకోచించిన వేడి వాయువులే తన్నాయి.

దూరంగా ఉన్నవాటి కథ వేరు. ముందు షాక్‌వేవ్ గుద్దుతుంది, వెంటనే దాని వెనకాలే భీకరమైన గాలి ఈడ్చుకుపోతుంది. గాజుపెంకులాంటి తేలికవి చటుక్కున వేగం అందుకుంటాయి, అంతే త్వరగా ఆగిపోతాయి. బరువైన ఇనుము కదలడం కష్టం. కదిలిందా, గాలి దాన్ని ఆపలేదు.

కానీ ఎక్కువమందిని గాయపరిచింది ఇనుము కాదు, గాజు. మంటలు చూద్దామని జనం కిటికీల దగ్గరకొచ్చి నిలబడ్డారు. అద్దాలు పగిలి కళ్లలో గుచ్చుకున్నాయి. వందల మందికి చూపు దెబ్బతింది.

2020లో బీరుట్ పేలుడప్పుడూ అంతే. చాలామంది కిటికీల్లోంచి ఫోన్లతో వీడియో తీస్తూనే ఉన్నారు. వెలుగు కంటికి క్షణంలో చేరుతుంది. షాక్‌వేవ్‌కి కిలోమీటరు దూరం రావడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. ఎక్కడైనా పెద్ద మంటో, మెరుపో కనిపిస్తే ఫోన్ తీయకండి. కిటికీకి దూరంగా జరిగి, గోడ చాటున నేల మీద పడుకోండి. ఆ రెండు సెకన్లే మీ చేతిలో ఉన్నవి.