వన్ బై టూ

మా ఇబ్రహీంపట్నంలో ఈమధ్య పొద్దున్నే ముగ్గు వేస్తుంటే పాలవాడికన్నా ముందు ప్లాట్ల బ్రోకరు వస్తున్నాడు. "అమ్మా, గజం ఎంతకిస్తరు?" అని అడగని రోజు లేదు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంనాటి చెరువున్న ఈ ఊరికి ఇంత గిరాకీ వస్తుందని మా అత్తగారు కలలోనైనా అనుకుని ఉండరు.

మా అబ్బాయిది మరో పోరు. "నాన్న పోయినంక ఒక్కదానివి అక్కడేం చేస్తవమ్మా? ఇల్లమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్యి" అని. వాడుండేది అమెరికాలో, మయామీలో. సరే, చూసి చెబుతానని వెళ్ళాను.

ముప్ఫయ్యో అంతస్తు. కిటికీ తీస్తే నీలం సముద్రం, తెల్లటి పడవలు.

"అదిగో, ఫిషర్ ఐలాండ్. మహా సంపన్నులుంటారు. వంతెన కూడా లేదు, పడవలోనే పోవాలి."

"మరి కూరగాయలమ్మి ఎట్లా వస్తుందిరా?" అన్నాను. వాడు నవ్వలేదు గానీ కోడలు నవ్వింది.

పది రోజులకే ఆ సముద్రం గోడమీది క్యాలెండరు బొమ్మ అయిపోయింది. పక్కింటావిడ లిఫ్టులో నవ్వుతుంది, అంతే. నా ముఖం చూసి కోడలు ఓ ఆదివారం లిటిల్ హవానాకు తీసుకెళ్ళింది. 'కయ్యే ఓచో', అంటే ఎనిమిదో వీధి. అబ్బ, ఎంత సందడి! పార్కులో ముసలాళ్ళు డామినో బిళ్ళలు టపటపా కొడుతున్నారు. అందరూ మనలాగే గట్టిగా మాట్లాడుతున్నారు, అదీ స్పానిష్‌లో!

అక్కడ కాఫీ కిటికీలోంచి ఇస్తారు. మొదటి డికాషన్ చుక్కలు చక్కెరలో పోసి నురగ వచ్చేదాకా గిలక్కొడతారు. చేయి నొప్పెట్టేదాకా మనం ఇళ్ళల్లో కలిపిన కాఫీయే గదా అనిపించింది! 'కొలాడా' అంటే ఒక కప్పు కాఫీ, దాంతో బొమ్మరిల్లు గిన్నెలంత చిన్న కప్పులు కొన్ని. పక్కవాళ్ళతో పంచుకోవాలన్నమాట. మన వన్ బై టూకి పెద్దక్క!

పక్కనున్న ముసలావిడ ఓ చిన్న కప్పు నాకందించింది. కోడలికి ఆఫీసులో అబ్బిన స్పానిష్ అక్కరకొచ్చింది. 1959లో క్యూబాలో విప్లవం వచ్చాక, చిన్నపిల్లగా అమ్మానాన్నలతో వచ్చిందట. ఆరు నెలల్లో తిరిగి వెళ్తామనుకుని, మొక్కలకు నీళ్ళు పొయ్యమని పొరుగువాళ్ళకు చెప్పి తాళం వేశారట. ఆ తాళం మళ్ళీ తియ్యనే లేదు. 1980లోనైతే మేరియల్ రేవు నుంచి లక్షా పాతికవేల మంది దాకా పడవల్లో వచ్చారట.

"మీ ఊళ్ళో మీకు ఇల్లుందా?" అని అడిగింది.

"ఉంది" అన్నాను. ఎందుకో గొంతు పట్టేసింది.

ఆ రాత్రి అబ్బాయి అమ్మకం కాగితాల మాటెత్తాడు. నేను నోరు విప్పేలోగా కోడలు అంది: "ఉండనివ్వండి అత్తయ్యా. రేపు మా పిల్లలకు ఇది మన ఊరని చూపించడానికి ఒక గుమ్మమైనా ఉండొద్దూ?" అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నువ్విక రావన్నమాట" అన్నాడు చివరికి. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

తిరిగొచ్చాను. రాత్రిళ్ళు భయం లేదని అబద్ధం చెప్పను. అందుకే ముందుగది ఇంజనీరింగు చదివే అమ్మాయికి అద్దెకిచ్చాను. పొద్దున్నే ఇద్దరం వన్ బై టూ కాఫీ తాగుతాం.

నిన్న బ్రోకరు మళ్ళీ వచ్చాడు. "గజం ఇవ్వను గానీ బాబూ, కూర్చో, గుక్కెడు కాఫీ ఇస్తా" అన్నాను.