పచ్చబడిన నీరు

కొన్నియేండ్ల క్రిందట సద్దుల బతుకమ్మనాటి సాయంకాలము మేము సకుటుంబముగా భద్రకాళి చెరువునకు పోయితిమి. మా తల్లిగారు తంగేడు, గునుగు పూలతో పేర్చిన బతుకమ్మను నీట విడిచి, వాడుక చొప్పున దోసెడు నీరు తలపై చల్లుకొనబోయి ఆగిపోయిరి. దోసిటి నీరు చిక్కని పచ్చరంగుగా నుండెను. ఆమె దానిని మెల్లగా జారవిడిచి, కొంగుతో చేయి తుడుచుకొని, “చెరువుకేం రోగం వచ్చింది బిడ్డా?” అని యడిగిరి. మేము నగరపాలకులను నిందించుటకు నోరు తెరచితిమి. అంతలోనే ఆమె, “మన మోరినీళ్లు ఎటు పోతున్నయి?” అనిరి. ఇరువదియేండ్లుగా ఆ యింట కాపురముండియు మేము ఆ ప్రశ్నకు బదులు చెప్పలేకపోతిమి.

మరునాటి యుదయమున మేము మోరివెంట నడచితిమి. అది పెద్దకాలువలో కలిసినది. పెద్దకాలువ పల్లమునకు సాగినది. వరంగల్లున పల్లమునకు పోవు నీరు తుదకేదో యొక చెరువును చేరక తప్పదు. కాకతీయులు వాననీటికై చూపిన త్రోవను మనము మురుగునకిచ్చితిమి. 2024 నవంబరులో పూడిక తీయుటకై భద్రకాళి చెరువు నీటిని దింపివేసినప్పుడు, ఆ యడుగుబురదలో మా యింటి పాలెంతయో యని మేము తలవంచుకొంటిమి.

నీరు పచ్చబడుట కంటికి కానరానంతటి సూక్ష్మమైన నాచు చేయు పని. కాని రోగము నాచుది కాదు. మలమూత్రములలో, కుడితిలో, బట్టలు ఉదుకు పొడులలో నత్రజనియు భాస్వరమును నుండును. చేనికి ఎరువైనవే చెరువునకు విషమగుచున్నవి. కెనడా దేశమున 1973లో డేవిడ్ షిండ్లర్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును ఒక చిన్న సరస్సును తెరతో రెండుగా చేసి, రెండు భాగములందును కర్బనమును నత్రజనిని కలిపి, ఒకదానియందు మాత్రము భాస్వరమును చేర్చిరి. భాస్వరము పడిన సగము పచ్చబడెను; తక్కినది తేటగానే యుండెను. నాచు మితిమీరి పెరిగి చచ్చి క్రుళ్లినప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించిపోవును, చేపలు తేలును.

అయినచో చెరువులో కీడుచేయు నాచును చెరువునకు ముందే పనిలో పెట్టరాదా? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున విలియం ఆస్వాల్డు 1950ల దశకమున చేసిన కృషి ఇదియే. అడుగు మొదలు రెండడుగుల లోతు గల కుంటలలో మురుగును నింపి, తెడ్లచక్రముతో మెల్లగా త్రిప్పుచుండిన, ప్రతి కణమునకు ఎండ తగులును. సూక్ష్మక్రిములు మాలిన్యమును విడగొట్టి బొగ్గుపులుసు గాలిని వదలును. నాచు దానిని గ్రహించి ప్రాణవాయువు నిచ్చును. విద్యుత్తుతో గాలి నూదు పనిలో చాలభాగము ఎండయే చేయును. నత్రజనియు భాస్వరమును నాచు శరీరములోనికి చేరును. ఎండిన నాచులో నూటికి అయిదు మొదలు పది పాళ్ల వరకు నత్రజని, ఇంచుమించు ఒక పాలు భాస్వరము నుండును.

ఈ సంగతి జీవశాస్త్రము చదువుచున్న మా అమ్మాయి చెప్పగా, మేము డాబాపై రెండు గాజు జాడీలలో వంటింటి మురుగును పోసి, రెంటిలోను చెరువునీరు కొంచెము కలిపితిమి. ఒకదానిని నల్లగుడ్డతో కప్పితిమి. రెండవదానిని ఎండకు విడిచి పూటపూటకు కలియబెట్టితిమి. పదిదినములకు మొదటిది దుర్గంధము కొట్టెను. రెండవది పచ్చబడి, దాని వాసన చాలవరకు పోయెను. ఇరుగుపొరుగువారిని పిలిచి చూపి మురిసిపోతిమి. అంతలో పెండ్లికని ఊరికి పోయి పక్షము దినములకు తిరిగివచ్చితిమి. ఆ పచ్చదనమంతయు గోధుమరంగున అడుగున క్రుళ్లుచుండెను. నాచు తాను దాచినదానిని మరల నీటికే అప్పగించుచున్నది. “నాన్నా, తీయవలసిన రోజున మనం లేము” అని మా అమ్మాయి యనెను.

ఈ విద్యయొక్క కష్టమంతయు ఆ మాటలో నున్నది. నాచును పెంచుట సులభము, తీయుట కష్టము. వెండ్రుక మందములో పదియవవంతు పాటి కణములు గుడ్డకు చిక్కవు. పటిక వేసియో, ముద్దగట్టి అడుగునకు దిగునట్లు చేసియో తీయవలెను. అందుకు ఖర్చగును, కుంటలకు స్థలమును కావలెను. కర్మాగారముల లోహములు కలిసిన మురుగైనచో ఆ నాచు పొలమునకును పనికిరాదు. ఇన్ని చిక్కులున్నను ఈ తీయుట మనకు క్రొత్త కాదు. వేసవిలో చెరువుమట్టిని బండ్లకెత్తి చేలకు తోలుట మన పల్లెల పాత వాడుక. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలోను రైతులు ఆ మట్టిని పొలములకు తోలుకొనిరి. చేనినుండి వచ్చినది చేనికి పోవలెనని మన పెద్దలకు తెలియును. నడుమ పట్టణవాసులమైన మనమే ఆ దారిని త్రెంచితిమి.

ఇప్పుడు మా యింట కుడితి పశువులున్నవారి యింటికి పోవుచున్నది. బట్టలపొడి కొలిచి వేయబడుచున్నది. ఇంతమాత్రమున చెరువు తేరుకొనదని మేమెరుగుదుము. కాని మోరివెంట నడచినవాడే, చెరువునకు ముందు కుంటయేదీ, దానిలోని నాచు తీయువారెవరని నగరపాలకులను అడుగుటకు అర్హుడు. చదువరులారా! ఒక యుదయమున మీ మోరివెంటను నడచి చూడుడు.