మౌత్ ఆర్గాన్ కొంటున్నారా? ఒక్క నిమిషం!

'షోలే' (1975) చూడనివాళ్లెవరైనా ఉన్నారా? ఎన్నిసార్లు చూశామో లెక్క మరిచిపోయినవాళ్లే ఎక్కువ! గబ్బర్ సింగ్ డైలాగులు అందరికీ కంఠతా వచ్చు. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది చీకటిపడే వేళ అమితాబ్ మౌత్ ఆర్గాన్ వాయిస్తూ కూర్చుంటే, పైన జయభాదురి ఒక్కో దీపం ఆర్పుకుంటూ పోయే సన్నివేశం. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. చెప్పాల్సిందంతా అరచేతిలో ఇమిడే ఆ బుల్లి వాయిద్యమే చెప్పేసింది. తెరమీద అమితాబ్, తెరవెనక ఊదింది భానుగుప్తా.

అంతకు పదకొండేళ్ల ముందే 'దోస్తీ' (1964) వచ్చింది. సంగీతం లక్ష్మీకాంత్ - ప్యారేలాల్‌లది. మౌత్ ఆర్గాన్ ఊదింది ఎవరనుకున్నారు? వాళ్ల స్నేహితుడు ఆర్.డి. బర్మన్! సినిమా పేరుకు తగ్గ స్నేహం. విదేశీ సినిమాల మాటకొస్తే, 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' (1968)లో చార్లెస్ బ్రాన్సన్ పాత్రకి పేరే లేదు, అందరూ 'హార్మోనికా' అనే పిలుస్తారు. ఎన్నియో మోరికోన్ కట్టిన ఆ బాణీ వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

సరే, ఇవన్నీ చూసి మనవాళ్లేం చేస్తారు? తిన్నగా షాపుకెళ్లి, అద్దాల బీరువాలో తళతళ మెరిసేదొకటి చూసి కొనేస్తారు. ఇంటికొచ్చి ఊదితే... పాట రాదు! నాలుగురోజులు తంటాలుపడి అది కాస్తా సొరుగులో పడేస్తారు.

మా పిన్ని కొడుకు అలాగే కొన్నాడు. వాడి అక్క పెళ్లిలో వాయించాలని ఆశ. నాలుగు నెలలు మేడమీద ఒక్కడే కూర్చుని ఊదాడు. తీరా పెళ్లినాడు జేబులోంచి బయటికే తియ్యలేదు. "నాకు సంగీతం రాసిపెట్టి లేదులే అన్నయ్యా" అన్నాడు. ఇరవయ్యేళ్ల కుర్రాడు నవ్వుతూనే ఆ మాట అంటే నాకు మనసు చివుక్కుమంది. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ముప్ఫయ్యేళ్లు వాయించిన ఓ మాస్టారు నాకు తెలుసు. వాణ్ణి వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన ఊదనైనా ఊదలేదు. చిన్న స్క్రూడ్రైవర్‌తో పైరేకు విప్పి, వెలుతురుకి ఎత్తి చూసి, "ఇందులో సగం గాలి పక్కలనుంచే పోతోందయ్యా. నీ ఊపిరికేం తప్పులేదు" అన్నారు.

ఆ మాట వినడానికి వాడు నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చాడు!

గాలి కారడం ఒక్కటే కాదు, ఇంకో తిరకాసుంది. వాడు కొన్నది పది రంధ్రాల 'డయటోనిక్'. దానిలో మధ్య స్థాయి పూర్తిగా ఉంటుంది గాని, కింది స్థాయిలో మధ్యమం, దైవతం ఉండవు! జర్మనీ పల్లెపాటలకి తాళంగా శ్రుతులు కలిపి ఊదడానికి కుదిర్చిన అమరిక అది. చెయ్యి తిరిగినవాళ్లు నోట్లో నాలుక సర్ది, పై స్వరాన్ని కిందికి వంచి ఆ రెండూ పలికిస్తారు. అమెరికా బ్లూస్ గాయకులకి ఆ వంపే ప్రాణం. కొత్తవాడు మాత్రం పాట కిందికి దిగగానే మెట్టు లేనిచోట కాలు పెట్టినట్టు తూలిపోతాడు.

మరి ఏది కొనాలి? మీ చెవిలో తిరుగుతున్న పాట ఏదో ముందు తేల్చుకోండి.

ఒక్కరే కూర్చుని తియ్యగా వాయించుకుందామంటే 'ట్రెమొలో' మంచిది. రెండు వరసల రంధ్రాలుంటాయి. ఒక్కో స్వరానికి రెండు రీడ్లు. ఒకదానికన్నా రెండోది వెంట్రుకవాసి హెచ్చు శ్రుతిలో ఉంటుంది. ఆ తేడావల్లే శబ్దం అలలు అలలుగా వణుకుతుంది. అయితే కోమల స్వరాలు దొరకవు. అవి కావాలంటే ఒకటో శ్రుతిదీ, ఒకటిన్నరదీ రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టి పట్టుకుని వాయించేవాళ్లున్నారు.

సినిమా పాటల్లోని సంగతులన్నీ పలకాలంటే మాత్రం 'క్రొమాటిక్' కావాల్సిందే. పక్కనున్న మీట నొక్కితే స్వరం అరమెట్టు పైకెళ్తుంది. పన్నెండు రంధ్రాలదానిలో నలభయ్యెనిమిది రీడ్లు. ధర వేలల్లో, అదీ సంగతి! లారీ అడ్లర్‌లాంటి మహామహులు కచేరీలు చేసింది దీనిమీదే.

రకం తేలాక అసలు పరీక్ష. పరిశుభ్రత పేరుతో చాలా షాపుల్లో నోట పెట్టనివ్వరు. చిన్న గాలితిత్తితో ఒత్తి చూపిస్తారు. స్వరం పలుకుతోందో లేదో దాంతో తెలుస్తుంది గాని, నాదం తెలియదండీ. కొన్నాక అక్కడే నిలబడి ఊది చూస్తానని, బాగోలేకపోతే మార్చాలని ముందే మాట తీసుకోండి. మొహమాటపడకండి, డబ్బు మీది.

ఊదేటప్పుడు గట్టిగా కాదు, దీపం ఆరనంత మెల్లగా ఊదండి. ఒక్కో రంధ్రం ఊదీ, పీల్చీ చూడండి. మంచి రీడ్ చిన్న ఊపిరికే మేలుకుంటుంది. బలవంతాన ఊదితేగాని పలకలేదంటే గాలి కారుతోందన్నమాట. తేనెటీగలా ఝుయ్యిమంటే రీడ్ పక్క అంచుని రాసుకుంటోంది. తర్వాత నాలుకతో రెండు, మూడు రంధ్రాలు మూసి ఒకటీ నాలుగూ కలిపి ఊదండి. డయటోనిక్‌లోనూ, క్రొమాటిక్‌లోనూ అవి కింది షడ్జం, పై షడ్జం. రెండూ అతుక్కుని ఒకే గొంతులా వినిపించాలి. వణికితే శ్రుతి కుదరలేదు. ట్రెమొలోకి ఈ పరీక్ష పనికిరాదు, దాని పుట్టుకే వణుకు! దానిలో ఆ వణుకు అన్ని స్వరాల్లోనూ ఇంచుమించు ఒకే వేగంలో ఉందా అని చూసుకోవాలి.

లోపలి చట్రం చెక్కదా, ప్లాస్టిక్‌దా అని వాదులాడుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. హోనర్ కంపెనీ 1896 నుంచి తయారుచేస్తున్న 'మెరైన్ బ్యాండ్' చెక్కదే, పేరుమోసిందే. చెక్క తడిసి ఉబ్బితే పెదవి గీసుకుపోతుంది, అదీ నిజమే. నన్నడిగితే చట్రం దేనిదైనా సరే, రేకు దానికి గాలి చొరకుండా అతుక్కుందా లేదా అనేదే ముఖ్యం. ఇక శ్రుతి విషయానికొస్తే ఐదోదానికి గొంతు గంభీరంగా ఉంటుంది, నాలుగోది కీచుగా చెవిలో గుచ్చుతుంది. మొదటిసారికి ఒకటో శ్రుతి నయం.

అన్నట్టు, నాదంలో సగం మీ దగ్గరే ఉంది. పెదవుల కొసలతో ముద్దుపెట్టినట్టు పట్టుకుంటే పీల శబ్దమే వస్తుంది. కొంచెం లోపలికి తీసుకుని, గొంతు వదులుచేసి, పొట్టలోంచి ఊపిరి వదలండి. రెండు చేతుల్నీ దొప్పలా మూసి తెరుస్తుంటే అదే స్వరం నవ్వుతుంది, ఏడుస్తుంది.

మా పిన్ని కొడుకు చివరికి ట్రెమొలోనే తీసుకున్నాడు. క్రొమాటిక్‌కి డబ్బు చాలలేదు. మేడమీద కాకుండా ఇప్పుడు కింద వరండాలోనే ఊదుతున్నాడు. కాలనీవాళ్లు ఇంకా ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

చివరిగా ఒకమాట. పకోడీలు తిని వెంటనే ఊదకండి, పిండి రీడ్లలో ఇరుక్కుంటుంది. వాయించాక అరచేతిమీద తట్టి తడి దులపండి. చలికాలంలోనైతే పది నిమిషాలు చొక్కా జేబులో ఉంచి, వెచ్చబడ్డాక తియ్యండి. చల్లగా ఉన్నదాన్ని ఊదితే లోపల ఆవిరి పట్టి, క్రొమాటిక్‌లో గాలి ఆపే పల్చటి పొరలు అంటుకుపోతాయి.