డెబ్బై రెండు పేర్లు

రాయపూర్ చెంత ఉర్లా పారిశ్రామికవాడలో ఒక తెలుగు కార్మికుడు, ఎర్రగా కాలిన ఇనుపకడ్డీలను పటకారుతో అందుకొంటూనే కుమారుణ్ణి ఇంజనీరును చేశాడు. ఆ కుమారుడు వీపున ఒక సంచితో, ఒంటరిగా, మూడు రోజులకు పారిస్ వెళ్ళాడు. చౌక బసలో పక్కమంచం యాత్రికుడు “మీ తండ్రిగారేం చేస్తారు?” అని అడిగితే, “ఉక్కు పరిశ్రమలో ఉన్నారు” అని మాట దాటవేశాడు.

మరునాడు ఈఫిల్ గోపురం ముందు నిలిచాడు. 1889లో పూర్తయిన ఆ కట్టడం మీద 72 మంది శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల పేర్లు కనిపించాయి. దానికి పట్టిన ఇనుము 7,300 టన్నులు. రివెట్లు 25 లక్షలు. ఒక్కొక్క రివెట్టుకు నలుగురు పనిచేశారు: ఒకడు కాల్చేవాడు, ఒకడు పట్టుకొనేవాడు, ఒకడు తల మలిచేవాడు, ఒకడు సమ్మెటతో మోదేవాడు. వారి పేర్లు ఆ వరుసలో లేవు. రెండవ అంతస్తుకు 674 మెట్లూ ఎక్కుతూ, అతడు దారి పొడవునా రివెట్లను తడిమి చూశాడు.

ఆ రాత్రి పక్కమంచం యాత్రికునితో తనంతట తానే చెప్పాడు: “మా నాన్నగారు రోలింగ్ మిల్లులో పటకారు పట్టే మనిషి.”

ఇంటికి వచ్చి తండ్రికి సంగతంతా వినిపించాడు. ఆయన కాసేపు ఊరకుండి, “ఆ కాల్చేవాడి చేతులకు తొడుగులు ఉండేవటరా?” అని మాత్రం అడిగాడు.