ఆమె జాగలోని రాయి

ముషీరాబాద్‌లోని మా ఇంటి నుంచి ఉస్మానియాకు పోవాలంటే రాంనగర్ దాటి అడిక్‌మెట్ వంతెన దిగాలి. చదువుకున్నన్నాళ్లూ అదే దారి. ఆ నేల ఒకప్పుడు ఎవరిదని ఏనాడూ అడగలేదు.

అడగడం న్యూజెర్సీలో నేర్చుకున్నాను. రాష్ట్రానికి దక్షిణాన పిట్స్‌గ్రోవ్ అనే పల్లెపట్టులో అలయన్స్ యూదుల శ్మశానం ఉంది. 1881లో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ హత్యయ్యాక అక్కడి యూదులపై దాడులు మొదలయ్యాయి. పారిపోయి వచ్చినవాళ్లలో 43 కుటుంబాలు 1882లో ఇక్కడ అడవి కొట్టి సేద్యానికి దిగాయి. చాలామందికి నాగలి పట్టడమే కొత్త. రెండో ప్రపంచయుద్ధం తర్వాత, నాజీల చేతుల్లోంచి బతికి బయటపడ్డవాళ్లు కొందరు పక్కనున్న వైన్‌ల్యాండ్‌కు వచ్చి కోళ్లఫారాలు పెట్టుకున్నారు. ఈ రెండు వలసలవాళ్ల పిల్లలూ చదువుకుని పట్నాలు చేరారు. గోరీలు మిగిలాయి. అయినా అవి అనాథలు కాలేదు. మనవలు, మునిమనవలు వస్తూనే ఉంటారు. స్టాక్టన్ విశ్వవిద్యాలయం ఆ కుటుంబాల ఫొటోలు, కాగితాలు సేకరించి దాస్తోంది. వచ్చినవాళ్లు రాతి మీద పువ్వు కాదు, ఓ గులకరాయి పెట్టి పోతారు. నేనొచ్చాను, నిన్ను మరవలేదు అని చెప్పడం అది.

ఫోన్లో చెబితే అమ్మ, "గుళ్లకు పోక గోరీలకాడ నీకేం పని బిడ్డా?" అంది.

ఊరొచ్చినప్పుడు ఆ పనే నన్ను మౌలాలికి తీసుకెళ్లింది. మా క్యాంపస్ పక్కనున్న తార్నాక నుంచి ఎంతో దూరం లేదు. గుట్ట కింద మహలఖా బాయి చందా సమాధి ఉంది. ఉర్దూలో దివాన్ కూర్చుకున్న తొలి కవయిత్రుల్లో ఒకరామె. 1792లో తల్లికి కట్టించిన సమాధి పక్కనే, 1824లో తనూ ఒరిగింది. అడిక్‌మెట్ ఆమె జాగీరు. మా క్యాంపస్ లేచింది ఆ భూముల్లోనే. ఏళ్లపాటు పాడుబడ్డ ఆ చోటును 2010, 2011ల్లో అమెరికా ప్రభుత్వ నిధులతో బాగుచేశారు. నేను పన్ను కడుతున్న దేశం వచ్చి చూసేదాకా, ఆమె నేల మీద చదువుకున్న నేను చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

పోయిన శీతకాలం అమ్మనూ వెంటబెట్టుకుని వెళ్లాను. దారిలో క్యాంపస్ దగ్గర ఆగి, బండల సందుల్లోంచి చిన్న రాయొకటి ఏరుకున్నాను. సమాధి దగ్గర జేబులోంచి తీస్తే అమ్మ అడిగింది:

"గా రాయెందుకురా?"

"ఆమె జాగలోదే అమ్మా."

అమ్మ చెయ్యి చాపింది. ఇచ్చాను. కొంగుతో తుడిచి, తనే పెట్టింది.